గుండె ఆపరేషన్‌లో పెట్టే మెదడు మానిటర్ తర్వాతి మతిమరుపుని ముందే చెప్పగలదా?

మీరు రాసింది ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. నాన్నగారికి 71 ఏళ్లు. మూడు రక్తనాళాల్లో బ్లాకులు, వచ్చే నెలలో బైపాస్. బంధువుల్లో ఒకాయనకి ఇదే ఆపరేషన్ అయ్యాక మతిమరుపు మొదలైంది, అందుకే ఇంట్లో అందరికీ భయం. మత్తు డాక్టరు "నుదుటి మీద సెన్సర్లు అంటించి మెదడుని గమనిస్తూ ఉంటాం" అన్నారు. దాన్నిబట్టి మతిమరుపు వస్తుందో రాదో ముందే తెలిసిపోతుందా, ఆ మానిటర్ లేని ఆస్పత్రిలో చేయించుకోకూడదా అన్నవి మీ ప్రశ్నలు.

గుండె ఆపరేషన్లకి మత్తు ఇవ్వడం నా పని. ఇరవై ఏళ్లు దాటింది. ఆ మానిటర్లు వాడతాను, నాకు ఇష్టం కూడా. కానీ అవి జోస్యం చెప్పవు. ఆపరేషన్లో మేం మెదడుకి ఏం చేస్తున్నామో అవి కొంతే చెప్తాయి. అసలు టేబుల్ మీదికి ఎలాంటి మెదడు వచ్చిందన్నది మాత్రం బాగా చెప్తాయి. ఈ తేడా పట్టుకుంటే మీరు ఆపరేషన్‌కి ముందు ఏం చేయాలో, దేని గురించి టెన్షన్ పడక్కర్లేదో మీకే తెలుస్తుంది.

మానిటర్లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది మెదడులోని ఆక్సిజన్ చూసేది. నుదుటికి రెండు వైపులా రెండు పట్టీలు అంటిస్తాం. వాటిలోంచి కంటికి కనపడని ఎర్రకాంతి పుర్రె గుండా లోపలికి వెళ్లి తిరిగొస్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం ఆ కాంతిని ఒకలా పీల్చుకుంటుంది, లేనిది ఇంకోలా. ఈ కిటుకుని 1977లో ఫ్రాన్స్ జోబ్సిస్ అనే శాస్త్రవేత్త బయటపెట్టారు. వేలికి క్లిప్పులా పెట్టే ఆక్సిమీటర్ మీకు తెలిసే ఉంటుంది. అది పనిచేయాలంటే నాడి కొట్టుకోవాలి. గుండెని ఆపి రక్తాన్ని హార్ట్ లంగ్ మెషిన్ మీదికి మళ్లించినప్పుడు సాధారణంగా నాడి ఉండదు, రక్తం ధారగా పోతూ ఉంటుంది. అప్పుడు వేలి క్లిప్పు గుడ్డిదైపోతుంది. నుదుటి పట్టీకి నాడితో పనిలేదు, అది చూస్తూనే ఉంటుంది. మామూలుగా 60 నుంచి 75 మధ్య అంకె చూపిస్తుంది. వేలి మీద 98 చూసి అలవాటైనవాళ్లు ఈ 65 చూసి కంగారు పడతారు. ఇది మెదడు వాడుకోగా మిగిలిన ఆక్సిజన్‌ని, ఎక్కువగా సిరల్లో ఉన్న రక్తాన్ని చూస్తుంది కాబట్టి అంతే ఉంటుంది.

ఇది ఎక్కడ అక్కరకొస్తుందో ఒక ఉదాహరణ చెప్తాను. ఒక బైపాస్ కేసు. కుడి 66, ఎడమ 64. మెషిన్ మీదికి వెళ్లాం, బీపీ బాగుంది, మెషిన్ తిప్పే పర్ఫ్యూజనిస్ట్ ఫ్లో సరిపోతోందన్నాడు. ఒక్క నిమిషంలో ఎడమ 64 కాస్తా 55, 51, 47. కుడి కదల్లేదు. ముందు పట్టీ ఊడిందేమో చూశాను, ఊడలేదు. గుడ్డల కింద చేయి పెట్టి తడిమితే పేషెంటు తల ఒక పక్కకి పూర్తిగా వాలిపోయి ఉంది, మెడ మెలితిరిగింది. తల నిటారుగా సర్ది, అటూ ఇటూ ఆనించాను. రెండు నిమిషాల్లో 61. అంతే, మందు లేదు, మాకు లేదు. ఆ పట్టీ లేకపోతే ఆ మెడ ఇంకో గంటన్నర అలాగే ఉండేది, మిగతా ఏ అంకె చూసినా నాకు తెలిసేది కాదు.

తల బాగానే ఉండి కూడా అంకె పడితే వరసగా చూసుకుంటూ పోతాం. గుండెలో పెట్టిన గొట్టాలు సరైన చోట ఉన్నాయా, బీపీ చాలుతోందా, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిందా (తగ్గితే మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి), హిమోగ్లోబిన్ పలచబడిందా, మత్తు లోతు ఎంత. చాలాసార్లు మొదటి మూడింటిలోనే దొరికిపోతుంది.

దీనికి హద్దులూ ఉన్నాయి. అది చూసేది నుదుటి వెనక రెండు మూడు సెంటీమీటర్ల లోతులోని చిన్న ముక్కని. మెదడు వెనక భాగంలో ఒక రక్తపు గడ్డ వెళ్లి ఇరుక్కుంటే ఈ పట్టీ చిరునవ్వుతో 68 చూపిస్తూనే ఉంటుంది. మహాధమని గోడలోంచి రాలే చిన్న పెళ్లలు, గాలిబుడగలు మెదడుకి వెళ్తున్నాయా అన్నది కణత దగ్గర పెట్టే డాప్లర్ అనే అల్ట్రాసౌండ్ పరికరంతో వినొచ్చు, ఒక్కోటి కిచుక్కుమంటుంది. అవి లెక్కపెట్టి తర్వాతి జ్ఞాపకశక్తితో పోల్చి చూసినవాళ్లున్నారు. అనుకున్నంత గట్టి లంకె దొరకలేదు.

మరి ఆ అంకె పడిపోయినవాళ్లకి తర్వాత బుర్ర మందగిస్తుందా? మొదట ఉన్నదానికన్నా ఐదో వంతు పడి, చాలాసేపు అక్కడే ఉన్నవాళ్లలో తర్వాత ఇబ్బందులు ఎక్కువని కొన్ని పరిశీలనలు చెప్పాయి. కానీ అంకె పడినప్పుడల్లా సరిచేసుకుంటూ పోతే జ్ఞాపకశక్తి కాపాడబడిందా అని రెండు గుంపులుగా విడదీసి చూస్తే, ఫలితాలు ఒకే మాట మీద లేవు. నాకు వీటన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది 2011లో జర్మనీ నుంచి వచ్చిన ఒక పేపరు. 1,178 మందికి ఆపరేషన్ మొదలుకాకముందే, ఇంకా మత్తే ఇవ్వకముందు, ఆక్సిజన్ పెట్టి ఈ అంకె చూశారు. అప్పుడే 50 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లలో నెలలోపు, ఏడాదిలోపు మరణాలు ఎక్కువ. అప్పటికి ఎవరూ కత్తి పట్టలేదు. గుండె, ఊపిరితిత్తులు, రక్తం, మెదడు అన్నీ కలిసి ఎంత బలహీనంగా ఉన్నాయో ఆ ఒక్క అంకె చెప్పేసింది. నేను మొదట్లో చెప్పింది ఇదే.

రెండో రకం మానిటర్ ఈఈజీ, అంటే మెదడు విద్యుత్తు తరంగాలు. మనిషి మెదడు నుంచి మొదటిసారి వీటిని 1924లో జర్మనీలో హన్స్ బెర్గర్ గీయించారు. ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లో నుదుటి మీద ఒక పట్టీతో వచ్చేస్తుంది. కంప్యూటర్ దాన్ని నమిలి సున్నా నుంచి వంద మధ్య ఒక అంకెగా ఇస్తుంది. బిస్ మానిటర్ అని మీరు వినే ఉంటారు. 40కి 60కి మధ్య ఉంటే మత్తు సరిపోయినట్టు. నేను అంకె కన్నా దాని పక్కన పాకే గీతనే ఎక్కువ చూస్తాను. మా దగ్గర నేర్చుకునే పిల్లలకీ అదే చెప్తాను, వాళ్లు వినరు, అంకె చదవడం తేలిక కదా.

ఆరోగ్యంగా ఉన్న మెదడు మత్తులోకి వెళ్లినప్పుడు గీతలో ఒక అందమైన లయ వస్తుంది, సెకనుకి 8 నుంచి 12 అలలు, ఒత్తుగా. వయసు మీదపడి సత్తువ తగ్గిన మెదడులో ఆ అలలు పలచగా, పేలవంగా ఉంటాయి. ఇంకా బలహీనమైతే మామూలు మోతాదుకే గీత చదునైపోతుంది. నాలుగైదు సెకన్లు గీసిన గీతలా నిశ్శబ్దం, ఉన్నట్టుండి ఒక ఉప్పెన, మళ్లీ నిశ్శబ్దం. దీన్ని బర్స్ట్ సప్రెషన్ అంటాం.

ఒక పెద్దాయన గుర్తున్నారు. డెబ్బై ఆరేళ్లు, కవాటం మార్చే ఆపరేషన్. సన్నగా ఉన్నారు కానీ ముందురోజు నాతో హుషారుగానే మాట్లాడారు, జోకులు కూడా వేశారు. మత్తు ఇంకా సగం మోతాదులో ఉండగానే గీత చదునైపోయింది. తగ్గించాను. మళ్లీ చదును. ఇంకా తగ్గించాను. ఆపరేషన్ అంతా నిద్ర చెదరకుండా, గీత చదును కాకుండా మధ్యలో నడిపించాను, ఆక్సిజన్ అంకె ఒక్కసారి కూడా పడలేదు. నా లెక్క ప్రకారం ఆ రోజు ఏ తప్పూ జరగలేదు. రెండో రాత్రి ఐసీయూలో ఆయన చేతి సూది పీకేసుకున్నారు, నర్సుని చనిపోయిన అన్నగారి పేరుతో పిలిచారు, గోడ మీద నీళ్లు కారుతున్నాయన్నారు. డెలిరియం. ఐదో రోజుకి సర్దుకున్నారు. అప్పుడు వాళ్లమ్మాయి బయట బెంచీ మీద కూర్చుని మెల్లగా చెప్పింది: ఏడాదిగా నాన్న చిల్లర లెక్కపెట్టడంలో తడబడుతున్నారు, వేసుకున్న మాత్రే మళ్లీ వేసుకుంటున్నారు. ముందే అడగాల్సింది నేను. అడగలేదు. గీత మాత్రం చెప్పింది, మొదటి పది నిమిషాల్లోనే.

ఇలాంటివి చూసి చాలామంది ఒక ఆలోచన చేశారు. చదునైన గీత వచ్చినవాళ్లకి డెలిరియం ఎక్కువ వస్తోంది, అలాంటప్పుడు గీత చదును కాకుండా మత్తు తగ్గించి ఇస్తే డెలిరియం తగ్గాలి కదా? వినడానికి న్యాయంగా ఉంది. గుండె కాని పెద్ద ఆపరేషన్లలో, హాంకాంగ్‌లో 900 పైచిలుకు పెద్దవాళ్ల మీద చేసిన ఒక పరిశోధనలో నిజంగానే డెలిరియం 24 శాతం నుంచి 16 శాతం దాకా తగ్గింది. కానీ ఆ తర్వాత అమెరికాలో 1,232 మంది మీద ఎంగేజెస్ అనే ట్రయల్ చేశారు, 2019లో ఫలితాలు వచ్చాయి. ఈఈజీ చూస్తూ మత్తు ఇచ్చినవాళ్లలో డెలిరియం 26 శాతం, మామూలుగా ఇచ్చినవాళ్లలో 23 శాతం. తగ్గలేదు. సరే, గుండె ఆపరేషన్లలోనే చూద్దామని కెనడాలో అరవై దాటిన 1,140 మంది మీద మళ్లీ చేశారు. 2024లో వచ్చిన లెక్క చూడండి: ఒక గుంపులో 18.15 శాతం, రెండో గుంపులో 18.10. ఇంత సమానంగా రావడం నేనెప్పుడూ చూడలేదు.

చదునైన గీత పొగ లాంటిది. పొగని విసనకర్రతో తోలేస్తే నిప్పు ఆరదు. తక్కువ మత్తుకే గీత చదునైనవాళ్లలో డెలిరియం ఎక్కువని ఆ అమెరికా బృందమే ఇంకో చోట చూపించింది. అంటే జబ్బు మత్తులో లేదు, ఆ కాస్త మత్తుకే తట్టుకోలేని మెదడులో ఉంది. ఇది నా అభిప్రాయం, నాతో పేచీ పడే సహోద్యోగులున్నారు. అనవసరంగా లోతైన మత్తు ఇవ్వమని మాత్రం ఎవరూ అనరు, నేనూ అనను.

బీపీ సంగతిలో కాస్త ఆశ ఉంది. మన మెదడుకి ఒక నేర్పు ఉంది: ఒంట్లో బీపీ కొంచెం పెరిగినా తగ్గినా తనకొచ్చే రక్తాన్ని ఒకే తీరున ఉంచుకుంటుంది. ఒక హద్దు కిందికి పోతే ఆ నేర్పు పనిచేయదు. ఆ హద్దు అందరికీ ఒకటి కాదు. సగటు బీపీ లెక్కలో ఒకరికి 45 దగ్గరుంటే ఇంకొకరికి 80 పైన ఉండొచ్చు. ఏళ్ల తరబడి బీపీ ఉన్నవాళ్లకి పైకి జరిగి ఉంటుందని అనుకుంటాం, కానీ మనిషిని చూసి చెప్పలేం. డెన్మార్క్‌లో మెషిన్ మీద ఉన్నంతసేపూ ఒక గుంపుకి సగటు బీపీ 40-50, ఇంకో గుంపుకి 70-80 పెట్టి, తర్వాత ఎంఆర్ఐ తీసి చూశారు. మెదడులో కొత్త మచ్చలు రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. అందరికీ గుడ్డిగా బీపీ పెంచితే లాభం లేదన్నమాట. జాన్స్ హాప్కిన్స్‌లో వేరే దారి పట్టారు. ఒక్కో పేషెంటుకి హద్దు ఎక్కడుందో మానిటర్‌తోనే అప్పటికప్పుడు కనుక్కుని, బీపీని దానికి పైన ఉంచారు. డెలిరియం 53 శాతం నుంచి 38 శాతానికి తగ్గింది. అయితే అది చిన్న పరిశోధన, 200 మందికి లోపే. పెద్దగా ఇంకోసారి చేసి చూపిస్తే తప్ప నేను గంతులేయను. కానీ మానిటర్‌ని జోస్యానికి కాకుండా కొలతకి వాడిన తీరు అది, అందుకే నాకు నచ్చింది.

ఇక మీ బంధువుగారి మతిమరుపు. ఇందులో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోతుంటాయి. మొదటి వారంలో వచ్చే తికమక, కలవరింత, పగలు రాత్రి తెలియకపోవడం డెలిరియం. నెలల తర్వాత కూడా పేర్లు, లెక్కలు, పనులు తడబడటం వేరు. దాని పేర్లే 2018లో మార్చారు. మొదటి నెలలోపు ఉంటే ఆలస్యంగా కోలుకోవడం అనే అంటారు, ఆ తర్వాత ఏడాది దాకా ఉంటేనే జబ్బు పేరు పెడతారు.

హార్ట్ లంగ్ మెషిన్‌తో మొదటి విజయవంతమైన ఆపరేషన్ 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ చేశారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు నేరమంతా ఆ మెషిన్ మీదే వేశారు. థియేటర్ భాషలో 'పంప్‌హెడ్' (పంపు, అంటే ఆ మెషిన్, వల్ల మందగించిన బుర్ర) అని ఒక మాటే పుట్టింది. 2001లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు బైపాస్ అయినవాళ్లని ఐదేళ్లు పరీక్షించారు. డిశ్చార్జి నాటికి 53 శాతం మందిలో తగ్గుదల కనిపించింది, ఆరు వారాలకి 36, ఆరు నెలలకి 24. ఐదేళ్లకి మళ్లీ 42. ఆ చివరి అంకె చూసి ప్రపంచమంతా హడలిపోయింది. మీ ఇంట్లో భయానికీ మూలం ఎక్కడో అక్కడే ఉంది.

కానీ ఆ మధ్య అంకెల్ని చూడండి, ఆరు నెలల దాకా తగ్గుతూనే వచ్చింది. తర్వాత పెరిగింది ఎందుకు? దీనికి జవాబు పోల్చి చూసినవాళ్ల దగ్గర దొరికింది. నెదర్లాండ్స్‌లో సగం మందికి మెషిన్‌తో, సగం మందికి మెషిన్ లేకుండా కొట్టుకుంటున్న గుండె మీదే బైపాస్ చేశారు. ఐదేళ్లకి ఇద్దరి బుర్రలూ ఒకే తీరు. జాన్స్ హాప్కిన్స్‌లో బైపాస్ చేయించుకున్నవాళ్లని, అదే గుండె జబ్బు ఉండి మందులతో నెట్టుకొచ్చినవాళ్లని ఆరేళ్లు పక్కపక్కన పెట్టి చూశారు. తగ్గుదల ఇద్దరిలోనూ అంతే. గుండె రక్తనాళాల్ని పూడ్చిన షుగరు, బీపీ, కొవ్వే మెదడు రక్తనాళాల జోలికీ వెళ్తాయి. మీ బంధువుగారికి అది ఆపరేషన్ వల్ల వచ్చిందో, అంతకుముందే మొదలై ఆపరేషన్‌తో బయటపడిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. ముందు పరీక్ష చేసి ఉండరు కాబట్టి.

అందుకే నా మొదటి సలహా అదే. ఆపరేషన్‌కి ముందు నాన్నగారికి జ్ఞాపకశక్తి పరీక్ష చేయించండి. మోకా అని 30 మార్కులకి ఒకటి ఉంది, పది పదిహేను నిమిషాల పని. గడియారం గీయమంటారు, ఐదు మాటలు చెప్పి కాసేపయ్యాక అడుగుతారు. ఆయనకి బాగా వచ్చిన భాషలోనే పెట్టమనండి, లేకపోతే మార్కులకి అర్థం ఉండదు. మార్కులతో పాటు మీకు తెలిసినవి కూడా మత్తు డాక్టరుకి చెప్పండి, సిగ్గుపడకుండా: మాత్రలు మర్చిపోతున్నారా, తెలిసిన దారిలో తప్పిపోయారా, నిద్రమాత్రలు వాడతారా, మందు అలవాటుందా, ఇంతకుముందు ఎప్పుడైనా జ్వరంలోనో ఆస్పత్రిలోనో కలవరించారా. రక్తహీనత ఉంటే ఈ నెల రోజుల్లో సరిచేయగలరేమో, మెడ రక్తనాళాలకి స్కాన్ అవసరమో అడగండి. నుదుటి పట్టీ కన్నా ఈ పది నిమిషాల సంభాషణే నాకు ఎక్కువ చెప్తుంది.

మానిటర్ లేదని మంచి సర్జన్ని వదులుకోవద్దు. మామూలు బైపాస్‌కి అది ఉంటే మేలు, లేకపోతే ప్రమాదం కాదు. మహాధమని వంపు మీద చేసే ఆపరేషన్ అయితే నా మాట మారేది. అక్కడ కాసేపు మెదడుకి ఒక పక్క నుంచే రక్తం పంపుతాం, రెండో పక్కకి చేరుతోందో లేదో ఆ పట్టీయే చెప్పాలి. మీ నాన్నగారిది అది కాదు. ఉంటే మాత్రం ఒక ప్రశ్న అడగండి: "అంకె పడితే మీరేం చేస్తారు?" వరసగా చెప్పగలిగితే ఆ మానిటర్ పని చేస్తున్నట్టు. మెషిన్ చివర్లో ఒంటిని మళ్లీ వెచ్చబరిచేటప్పుడు మెదడుకి వెళ్లే రక్తం 37 డిగ్రీలు దాటకుండా చూస్తారా అని కూడా అడగొచ్చు. వేడెక్కిన మెదడు దెబ్బ త్వరగా తింటుంది. ఈ ప్రశ్నకి పర్ఫ్యూజనిస్ట్ మీ వంక మర్యాదగా చూస్తాడు.

ఆ తర్వాత రాత్రులు మీ చేతిలో ఉంటాయి. 1999లో షారన్ ఇనోయె బృందం ఆస్పత్రిలో చేరిన పెద్దవాళ్లకి, ఆపరేషన్ కేసులు కాకపోయినా, మందులేవీ లేకుండానే డెలిరియాన్ని 15 శాతం నుంచి 10 శాతం దాకా తగ్గించింది. చేసిందల్లా రాత్రి నిద్రపోనివ్వడం, పగలు నడిపించడం, నీళ్లు తాగించడం, కళ్లజోడు, చెవి మిషన్ పెట్టడం, ఈరోజు ఏ వారమో ఎక్కడున్నారో గుర్తుచేస్తూ ఉండటం. ఐసీయూలో అనుమతి ఉన్నంతసేపు మీలో ఒకరు పక్కన ఉండండి. ఆయన లేనిదేదో కనిపిస్తోందంటే వాదించకండి, పేరుపెట్టి పిలిచి చేయి పట్టుకోండి. గొడవ చేసేవాళ్లని నర్సులు ఇట్టే పడతారు. మంచం మీద మౌనంగా, మత్తుగా, పిలిస్తే ఊఁ అనకుండా పడుకునేవాళ్లే తప్పిపోతారు. అదీ డెలిరియమే, మీరే నర్సుకి చెప్పాలి. మూతి ఒక పక్కకి పోయినా, చేయి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా అది డెలిరియం కాదు, స్ట్రోక్ కావచ్చు, ఒక్క నిమిషం ఆగకుండా కేకేయండి.

ఇంటికొచ్చాక మొదటి కొన్ని వారాలు పేపరు చదవబుద్ధి కాకపోవడం, మాట మధ్యలో ఆగిపోవడం మామూలే. ఆ రోజుల్లో ఆస్తి కాయితాల మీద సంతకాలు పెట్టించకండి. మూడు నెలలకి అదే మోకా మళ్లీ చేయించి, పాత మార్కుల పక్కన పెట్టి చూడండి. రెండు మూడు మార్కులు తగ్గి అలాగే ఉంటే అప్పుడు న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి.

కళ్లజోడు సంగతి మళ్లీ ఒకసారి. ఆపరేషన్ రోజు పొద్దున పేషెంటు ఒంటి మీదివన్నీ తీసి ఇంటివాళ్లకిచ్చేస్తారు, వాళ్లు సంచిలో పెట్టుకుని ఇంటికెళ్లిపోతారు. ఒక డబ్బాలో కళ్లజోడు, చెవి మిషన్, దాని బ్యాటరీలు పెట్టి, పైన నాన్నగారి పేరు రాసి, ఐసీయూ నర్సు చేతికే ఇవ్వండి.